స్వాధీనం లేని పట్టా: హాంకాంగ్ వాసుల బ్రిటిష్ జాతీయత

1997 జూన్ 30 అర్ధరాత్రితో హాంకాంగ్‌పై బ్రిటన్ సార్వభౌమాధికారం ముగిసింది. ఆ మార్పును దృష్టిలో పెట్టుకుని బ్రిటిష్ పార్లమెంటు అంతకు పన్నెండేళ్ల ముందే ఒక కొత్త రకం జాతీయతను సృష్టించింది. దాని పేరు ‘బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్’. వాడుకలో బీఎన్ఓ. దాదాపు 34 లక్షల మంది హాంకాంగ్ వాసులు దీన్ని నమోదు చేయించుకున్నారు. వారికి బ్రిటన్ పాస్‌పోర్టు ఇస్తుంది. మూడో దేశంలో ఆపదలో చిక్కుకుంటే బ్రిటిష్ రాయబార కార్యాలయం సాయపడుతుంది. బ్రిటన్‌లో నివసించే హక్కు మాత్రం ఉండదు. పట్టా తన పేరునే ఉన్నా పొలంలో అడుగుపెట్టే వీలులేని రైతు స్థితి వారిది.

వలస పాలన ముగిసి ఒక భూభాగం చేతులు మారినప్పుడు సరిహద్దులు, ఆస్తులు, అప్పులు, ఒప్పందాలు అన్నీ లెక్కకు వస్తాయి. ఆ నేలమీది మనుషులు ఇకపై ఏ దేశస్థులు, ఎక్కడ స్థిరపడగలరు అన్న ప్రశ్నకు మాత్రం చాలాసార్లు చివర్లో, హడావిడిగా జవాబు వెతుకుతారు. ఆ జవాబు ఎంత న్యాయమైనదో తేల్చడానికి మూడు గీటురాళ్లు సరిపోతాయి. ఒకటి, ఇచ్చిన జాతీయతతో పాటు ఆ దేశంలో ప్రవేశించి నివసించే హక్కు ఉందా? రెండు, అది పిల్లలకు సంక్రమిస్తుందా? మూడు, రెండు దేశాల మధ్య ఎంచుకునే అవకాశం ఆ వ్యక్తికి దక్కిందా? పుట్టుకలో బీఎన్ఓ ఈ మూడింటిలో ఒక్కదానికీ నిలవలేదు. ఇది ఏదో ఒక్క రాత్రి జరిగిన పొరపాటు కాదు. దశాబ్దాల చట్ట నిర్మాణం దీని వెనుక ఉంది.

హక్కు నుంచి పేరు విడివడిన తీరు

హాంకాంగ్ ద్వీపం 1842 నాంకింగ్ ఒప్పందంతో, కౌలూన్ ద్వీపకల్పం 1860లో బ్రిటన్‌కు శాశ్వతంగా దక్కాయి. న్యూ టెరిటరీస్ అనే విశాల భాగం మాత్రం 1898లో 99 ఏళ్ల కౌలుకు వచ్చింది. ఆ కౌలు గడువే 1997ను నిర్ణయించింది.

సామ్రాజ్యం నిలకడగా ఉన్న రోజుల్లో లండన్‌లో పుట్టినవారూ హాంకాంగ్‌లో పుట్టినవారూ చట్టం ముందు ఒకే రాజుగారి ప్రజలు. 1949 జనవరి 1న అమల్లోకి వచ్చిన 1948 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం ఈ ఐక్యతను కొత్త రూపంలో నిలబెట్టింది. బ్రిటన్ ప్రజలకూ, వలస ప్రాంతాల ప్రజలకూ కలిపి ‘యునైటెడ్ కింగ్‌డమ్, వలసల పౌరుడు’ అనే ఒకే హోదా ఇచ్చింది. ఆ హోదా ఉన్నవారెవరైనా బ్రిటన్‌కు వచ్చి స్థిరపడవచ్చు.

కరీబియన్ దీవుల నుంచి, భారత్, పాకిస్థాన్‌ల నుంచి వలసలు పెరగడంతో పద్నాలుగేళ్లకే వెనకడుగు మొదలైంది. 1962 కామన్వెల్త్ వలసదారుల చట్టం పాస్‌పోర్టు ఎవరు జారీ చేశారన్నదాన్ని గీటురాయి చేసింది. వలస ప్రభుత్వం జారీ చేసిన పాస్‌పోర్టు ఉన్నవారు నియంత్రణ కిందికి వచ్చారు. హాంకాంగ్ వాసుల స్వేచ్ఛా ప్రవేశం అప్పుడే పోయింది. వారి పౌరసత్వం పేరు మాత్రం మారలేదు.

1968లో మరో అడుగు పడింది. స్వతంత్ర కెన్యాలో ఉపాధి, వ్యాపార అవకాశాలు కుంచించుకుపోవడంతో అక్కడి ఆసియన్లు బ్రిటన్ బాట పట్టారు. వారిలో ఎక్కువమంది గుజరాతీ, పంజాబీ మూలాలవారు. వారి పాస్‌పోర్టులు బ్రిటిష్ ప్రభుత్వమే నేరుగా ఇచ్చినవి కనుక 1962 చట్టం వారిని ఆపలేకపోయింది. దాంతో మూడు రోజుల్లోనే పార్లమెంటు చేత కొత్త చట్టం ఆమోదింపజేశారు. తానో, తల్లిదండ్రులో, తాత అవ్వలో బ్రిటన్‌లో పుట్టడం వంటి సంబంధం లేని పౌరులకు తలుపు మూసేశారు. దీన్ని పరిశీలించిన ఐరోపా మానవ హక్కుల కమిషన్, జాతి వివక్ష ఇక్కడ మనిషిని కించపరిచే స్థాయికి చేరిందని 1973లో తేల్చింది. అప్పటికే 1971 వలస చట్టం ఆ వంశ సంబంధాన్ని శాశ్వత సూత్రంగా మార్చి, 1973 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది.

చివరగా 1981 జాతీయతా చట్టం ఉమ్మడి పౌరసత్వాన్నే ముక్కలు చేసింది. 1983 జనవరి 1 నుంచి బ్రిటిష్ పౌరులు వేరు, ఆధారిత ప్రాంతాల పౌరులు వేరు, సముద్రాంతర పౌరులు వేరు. మొదటి తరగతికే బ్రిటన్‌లో నివాస హక్కు. హాంకాంగ్ వాసులు రెండో తరగతిలో పడ్డారు. ఆ తరగతిలో అందరికీ ఒకే న్యాయం జరగలేదు. ఐరోపా సముదాయంతో ముడిపడిన జిబ్రాల్టర్ వాసులకు అడిగితే పూర్తి పౌరసత్వం ఇచ్చే సెక్షన్ అదే చట్టంలో ఉంది. అర్జెంటీనాతో యుద్ధం తర్వాత ఫాక్‌లాండ్ దీవుల ప్రజలకు 1983లో ప్రత్యేక చట్టం చేశారు. అవి కొన్ని వేల జనాభా గల చిన్న ప్రాంతాలు. లక్షల జనాభా గల హాంకాంగ్ బయటే మిగిలింది.

రెండు ప్రభుత్వాలు, రెండు పత్రాలు

1984 డిసెంబర్ 19న బీజింగ్‌లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్, చైనా ప్రధాని జావో జియాంగ్ సంయుక్త ప్రకటనపై సంతకాలు చేశారు. హాంకాంగ్‌ను 1997లో చైనాకు అప్పగించడం, అక్కడి వ్యవస్థను యాభై ఏళ్లు యథాతథంగా ఉంచడం దాని సారాంశం. జాతీయత అంశం ప్రధాన పాఠంలో లేదు. దాని కోసం రెండు ప్రభుత్వాలూ విడివిడి పత్రాలు మార్చుకున్నాయి.

బ్రిటిష్ పత్రం ప్రకారం హాంకాంగ్ సంబంధం వల్ల వచ్చిన ఆధారిత ప్రాంత పౌరసత్వం 1997తో ముగుస్తుంది. దాని స్థానంలో తగిన హోదా ఒకటి పొందవచ్చు గానీ అది బ్రిటన్‌లో నివాస హక్కు ఇవ్వదు. 1985 హాంకాంగ్ చట్టం, 1986 ఉత్తర్వు దీనికి రూపమిచ్చాయి. 1987 జూలై 1 నుంచి బీఎన్ఓ నమోదు మొదలైంది. గడువులోగా చేయించుకోనివారికి తర్వాత అవకాశం లేదు. 1997 తర్వాత పుట్టినవారికి ఇది దక్కదు, తల్లిదండ్రుల నుంచి సంక్రమించదు. అంటే ఇది ఆ తరంతోనే అంతరించేలా రూపొందించిన జాతీయత.

చైనా పత్రం ఇంకో దారిలో నడిచింది. హాంకాంగ్‌ను బ్రిటన్ గుంజుకున్న ఒప్పందాలు అసమానమైనవి గనుక ఆ నేల ఎప్పుడూ చైనాదేనన్నది బీజింగ్ వాదన. అక్కడ పుట్టిన చైనా సంతతివారంతా ఎప్పుడూ చైనా జాతీయులే. వారి చేతిలోని బ్రిటిష్ పత్రం ప్రయాణానికి మాత్రమే పనికొస్తుంది. చైనాలో గానీ హాంకాంగ్‌లో గానీ బ్రిటన్ వారి తరఫున మాట్లాడలేదు. 1980 నాటి చైనా జాతీయతా చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు. 1996 మే 15న చైనా జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘం ఆ చట్టానికి హాంకాంగ్ కోసం ఇచ్చిన వివరణ కొంత వెసులుబాటు చూపింది. కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల పౌరసత్వం తెచ్చుకున్నవారు కావాలంటే తమ జాతీయత మారిందని హాంకాంగ్ వలస శాఖకు ప్రకటించుకోవచ్చు. బీఎన్ఓ ఉన్నవారికి ఆ దారి లేదు, ఎందుకంటే చైనా దృష్టిలో అది విదేశీ జాతీయతే కాదు.

ఒక ప్రభుత్వం ‘మీరు మావారే, మా దేశానికి రాకండి’ అంది. మరొకటి ‘మీరు మావారే, వేరే మాట లేదు’ అంది. బీఎన్ఓ నమోదు స్వచ్ఛందమే అయినా ఆ ఎంపిక రెండు దేశాల మధ్య కాదు. హక్కులేని ఒక పత్రాన్ని తీసుకోవాలా వద్దా అన్నంతవరకే.

తలుపు కొందరికి తెరిచిన తీరు

1989 జూన్ 4న తియానన్మెన్ చౌక్‌లో జరిగిన హింసాకాండ హాంకాంగ్‌ను కుదిపేసింది. 1990ల మొదట్లో ఏటా 60 వేల మంది దాకా వలస పోయారు. వారిలో చదువుకున్నవారు, వృత్తి నిపుణులు ఎక్కువ. ప్రభుత్వ యంత్రాంగం, వ్యాపారం కూలిపోకుండా ఉండాలని బ్రిటన్ 1990లో ఒక చట్టం చేసింది. 50 వేల మంది కుటుంబ పెద్దలకు, వారి జీవిత భాగస్వాములకు, మైనరు పిల్లలకు పూర్తి పౌరసత్వం ఇస్తామంది. వయసు, అనుభవం, చదువు, ఆంగ్ల పరిజ్ఞానం, బ్రిటన్‌తో సంబంధం, సమాజ సేవ వంటివాటికి మార్కులు వేసి ఎంపిక చేశారు. ఎంపికైనవారు బ్రిటన్‌కు రావాలన్నది ఈ పథకం ఉద్దేశం కాదు. ఎప్పుడైనా వెళ్లగలమన్న ధీమాతో హాంకాంగ్‌లోనే ఉండిపోవాలన్నది. ఆ పౌరసత్వాన్ని చైనా గుర్తించలేదు. జాతీయత ఇక్కడ హక్కుగా గాక, ఉపయోగపడే మనిషికి ఇచ్చే హామీ పత్రంగా పనిచేసింది.

మరో వర్గం పరిస్థితి ఇంకా సున్నితం. హాంకాంగ్ నిర్మాణంలో భారత ఉపఖండం నుంచి వచ్చినవారి పాలు పెద్దది. సిక్కులు పోలీసు దళంలో పనిచేశారు, సింధీలు వర్తకంలో స్థిరపడ్డారు. నేటి స్టార్ ఫెర్రీ పడవలకు పునాది వేసింది దొరాబ్జీ నౌరోజీ అనే పార్సీ. హాంకాంగ్ విశ్వవిద్యాలయ భవనానికి భారీ విరాళమిచ్చింది హోర్ముస్జీ మోదీ అనే మరో పార్సీ. తరాలుగా అక్కడే పుట్టి పెరిగి, బ్రిటిష్ హోదా తప్ప మరే జాతీయతా లేనివారు ఈ సమాజాల్లో కొన్ని వేల మంది ఉన్నారు. వారు చైనా సంతతి కారు గనుక చైనా జాతీయత దానంతటదే రాదు. భారత రాజ్యాంగం 9వ అధికరణం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. మిగిలింది బీఎన్ఓ ఒక్కటే. అదీ పిల్లలకు రాదు. ఏళ్ల తరబడి సాగిన విజ్ఞప్తుల తర్వాత బ్రిటన్ తన పాలన ముగియడానికి కొద్ది నెలల ముందు 1997లో ఒక చట్టం చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 4 నాటికి హాంకాంగ్‌లో నివసిస్తూ, వేరే జాతీయత లేనివారు పూర్తి పౌరసత్వానికి నమోదు కావచ్చంది. వేరే దేశం లేనివారికి ఇవ్వగలిగినది, దేశం మారుతున్నవారికి ఇవ్వలేమన్నదే ఆ చట్టం గీసిన గీత.

నివాస హక్కుకు మరో కేంద్రం

ఇంత జరిగినా హాంకాంగ్ వాసులకు స్థిరనివాస హక్కు లేకుండా పోలేదు. అది హాంకాంగ్‌లోనే ఉంది. 1997 నుంచి హాంకాంగ్‌కు రాజ్యాంగంలా అమలవుతున్న మౌలిక చట్టం 24వ అధికరణం శాశ్వత నివాసులెవరో నిర్వచిస్తుంది. అక్కడ పుట్టిన చైనా పౌరులు, వరుసగా ఏడేళ్లు నివసించిన చైనా పౌరులు, వారికి బయట పుట్టిన చైనా జాతీయులైన పిల్లలు, ఏడేళ్లు ఉండి హాంకాంగ్‌నే శాశ్వత నివాసంగా ఎంచుకున్న ఇతర దేశస్థులు అందులోకి వస్తారు. జాతీయత ఏదైనా శాశ్వత నివాసికి ఓటు హక్కు ఉంటుంది. చైనా జాతీయుడైనంత మాత్రాన ప్రధాన భూభాగం నుంచి వచ్చి స్థిరపడే వీలు లేదు. దానికి ప్రత్యేక అనుమతి కావాలి, ఆ అనుమతులకు రోజుకు 150 అన్న పరిమితి ఉంది.

అంటే ఇక్కడ కూడా జాతీయత ఒకచోట, నివాస హక్కు మరోచోట ఉన్నాయి. ఈ ఏర్పాటు త్వరలోనే పరీక్షకు నిలబడింది. 1999 జనవరి 29న హాంకాంగ్ తుది న్యాయస్థానం శాశ్వత నివాసుల పిల్లలకు అనుకూలంగా తీర్పునిచ్చింది. ప్రధాన భూభాగంలో పుట్టినవారికీ నివాస హక్కు ఉందంది. దానివల్ల కొన్నేళ్లలో 16 లక్షల మందికి పైగా రావచ్చని హాంకాంగ్ ప్రభుత్వం లెక్కగట్టి, బీజింగ్ వివరణ కోరింది. అదే ఏడాది జూన్ 26న స్థాయీ సంఘం ఇచ్చిన వివరణ తీర్పు పరిధిని కుదించింది. రెండు దశాబ్దాల ముందు లండన్ చేసిన లెక్కలే ఇప్పుడు హాంకాంగ్ కూడా చేసింది. ఎంతమంది వస్తారన్న భయం ముందు హక్కు తగ్గింది.

పక్కనే ఉన్న వేరే దారులు

హాంకాంగ్‌కు పడమరగా, నదీముఖానికి ఆవలి ఒడ్డున ఉన్న మకావును పోర్చుగల్ 1999 డిసెంబర్ 20న చైనాకు అప్పగించింది. 1981 నవంబర్‌కు ముందు అక్కడ పుట్టినవారికి పోర్చుగీసు చట్టం పూర్తి జాతీయతనిచ్చింది. అది వారి పిల్లలకూ సంక్రమిస్తుంది. పోర్చుగల్ ఐరోపా సమాఖ్యలో ఉన్నందున, బ్రిటన్ బయటికి వెళ్లేదాకా ఈ మకావు వాసులు లండన్‌లో కూడా స్వేచ్ఛగా నివసించగలిగారు. పక్కనే ఉన్న హాంకాంగ్‌లోని బ్రిటిష్ జాతీయులకు ఆ వీలు లేదు.

మూడో గీటురాయి, అంటే వ్యక్తి ఎంపిక, ఎలా ఉంటుందో చూడాలంటే తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గర్లో ఉన్న యానాం ఒకప్పుడు పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు ఫ్రెంచి స్థావరం. 1954 నవంబర్ 1న పాలన భారత్ చేతికి వచ్చింది. 1956 మే 28న కుదిరిన అప్పగింత ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆ స్థావరాల్లో పుట్టి అక్కడే నివసించే ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. అయితే ఆరు నెలల్లో లిఖితపూర్వకంగా ప్రకటిస్తే ఫ్రెంచి జాతీయతనే ఉంచుకోవచ్చు. దాదాపు 5 వేల మంది అలా ఎంచుకున్నారని అంచనా. వారిలో పుదుచ్చేరి, కారైకాల్ వారే ఎక్కువ. వారికి దక్కింది పేరు మాత్రమే కాదు. ఫ్రాన్సులో స్థిరపడే హక్కు, పిల్లలకు సంక్రమించే జాతీయత, ఫ్రెంచి ఎన్నికల్లో ఓటు కూడా దక్కాయి. ఆరు నెలల గడువు చిన్నదే. సమాచారం అందని పల్లెవాసికి అది అవకాశమే కాకపోవచ్చు. అయినా ఏ దేశస్థుడివని ప్రభుత్వం ప్రతి మనిషినీ అడిగిన ఒప్పందం అది.

ఈ పోలికకు ఒక హద్దుంది. ఫ్రెంచి స్థావరాల జనాభా కొన్ని లక్షలే. బ్రిటన్‌కూ, ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోని చైనాకూ మధ్య 30 లక్షలకు పైగా మనుషులకు ఎంపిక ఇవ్వడం రాజకీయంగా ఎంతో కష్టం. అసాధ్యమని మాత్రం అనలేం. పెద్ద సంఖ్యను చూసి బ్రిటన్ భయపడింది, ఎంపిక అన్న మాటే సార్వభౌమాధికారానికి భంగమని చైనా భావించింది.

2002లో బ్రిటన్ తన విధానాన్నే మార్చుకుంది. మిగిలిన సముద్రాంతర ప్రాంతాల ప్రజలకు దాదాపు అందరికీ ఆ ఏడాది మే 21న పూర్తి పౌరసత్వం ఇచ్చింది. హాంకాంగ్ చేయి దాటిపోయిన ఐదేళ్లకు వచ్చిన ఈ ఔదార్యం బీఎన్ఓలను తాకలేదు.

2021: వీసాగా తిరిగొచ్చిన వాగ్దానం

2019 నిరసనల తర్వాత, 2020 జూన్ 30 రాత్రి హాంకాంగ్‌లో బీజింగ్ చేసిన జాతీయ భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. సంయుక్త ప్రకటన ఉల్లంఘన జరిగిందని బ్రిటన్ ఆరోపించి, బీఎన్ఓలకూ వారి కుటుంబాలకూ ప్రత్యేక వీసా ప్రకటించింది. 2021 జనవరి 31న దరఖాస్తులు మొదలయ్యాయి. అప్పటికి బీఎన్ఓ హోదా గలవారు సుమారు 29 లక్షలు. కుటుంబ సభ్యులను కలిపితే 50 లక్షలకు పైగా అర్హులని బ్రిటిష్ ప్రభుత్వం లెక్కగట్టింది. వీసాపై ఐదేళ్లు నివసిస్తే స్థిరనివాస అనుమతి, మరో ఏడాదికి పౌరసత్వ దరఖాస్తు. ఇప్పటిదాకా 2 లక్షలకు పైగా వీసాలు మంజూరయ్యాయి.

ఇది 1984 మాటను తప్పడమేనని చైనా అంది. తాము ఇచ్చింది వీసా, జన్మహక్కులాంటి నివాస హక్కు కాదన్నది బ్రిటన్ జవాబు. దరఖాస్తులు మొదలైన రోజు నుంచే చైనా, హాంకాంగ్ ప్రభుత్వాలు బీఎన్ఓ పాస్‌పోర్టును ప్రయాణ పత్రంగా గుర్తించడం మానేశాయి. శాశ్వతంగా వెళ్లిపోతున్నామని చూపి భవిష్య నిధి సొమ్ము తీసుకోబోయినవారు, బీఎన్ఓ పత్రాలు చెల్లవన్న కారణంతో చిక్కుకుపోయారు. రెండు ప్రభుత్వాల వాదం చివరికి వారి జీవితకాలపు పొదుపు మీద పడింది.

హక్కుకూ వీసాకూ తేడా ఆచరణలో స్పష్టంగా కనిపిస్తుంది. హక్కుకు రుసుము లేదు. ఈ వీసాకు మొదట్లో ఐదేళ్లకు 250 పౌండ్లు, దానిపై ఒక్కో పెద్దవారికి ఏడాదికి 624 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి ఆ ఆరోగ్య రుసుమే 1,035 పౌండ్లయింది. ప్రభుత్వ సంక్షేమ సహాయం సాధారణంగా అందదు. 1997 జూలై తర్వాత పుట్టిన యువకులు మొదట్లో తల్లిదండ్రులతో కలిసి తప్ప దరఖాస్తు చేయలేకపోయారు. వీధుల్లో నిరసనలు నడిపినవారిలో ఆ తరం పెద్ద భాగం. 2022 నవంబర్ 30న ఆ లోపాన్ని సరిదిద్దారు. ఇక 2025 మే నెలలో స్థిరనివాసానికి సాధారణ గడువును పదేళ్లకు పెంచాలన్న ప్రతిపాదన ప్రభుత్వ శ్వేతపత్రంలో రాగానే బీఎన్ఓ కుటుంబాల్లో ఆందోళన మొదలైంది. తర్వాత వారికి ఐదేళ్లే ఉంటుందని ప్రభుత్వం చెప్పింది. అయినా ఒక శ్వేతపత్రం కదిలించగలిగినదాన్ని హక్కు అనలేం.

పై అనుభవం నుంచి తేలేది

మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన 15వ అధికరణం ప్రతి వ్యక్తికీ జాతీయత ఉండాలంటుంది. ఆ ఒక్క నియమం చాలదని హాంకాంగ్ చూపింది, ఎందుకంటే అక్కడ ఎవరూ దేశం లేనివారు కాలేదు. సొంత దేశంలో ప్రవేశించే హక్కును ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక నాలుగో ప్రొటోకాల్ విడిగా రక్షిస్తుంది. బ్రిటన్ దానిపై 1963లో సంతకం చేసి కూడా ఆమోదించలేదు. పేరుకూ హక్కుకూ మధ్య దూరం ఉంచుకోవాలన్న కోరిక అందులోనే కనిపిస్తుంది. రాజ్యాలు మారినప్పుడు మనుషుల ఇష్టాన్ని గౌరవించాలని, ఎంపిక హక్కు ఇవ్వాలని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 1999లో ముసాయిదా నియమాలు రాసింది. హాంకాంగ్ విషయం అప్పటికి ముగిసిపోయింది.

అయితే ప్రశ్న ముగియలేదు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల సార్వభౌమాధికారాన్ని మారిషస్‌కు బదిలీ చేసే ఒప్పందంపై 2025 మే 22న సంతకాలయ్యాయి. అమెరికా సైనిక స్థావరం కోసం 1960ల చివర, 1970ల మొదట్లో అక్కడి నుంచి వెళ్లగొట్టిన ప్రజల వారసులు ఇప్పుడు మారిషస్, సీషెల్స్, బ్రిటన్‌లలో చెదిరి ఉన్నారు. వారికి బ్రిటిష్ పౌరసత్వ నమోదుకు 2022 చట్టం దారి తెరిచింది. అంటే నివాస హక్కు, సంక్రమణ అన్న రెండు గీటురాళ్లలో కొంత పురోగతి ఉంది. మూడోది మాత్రం ఎప్పటిలాగే ఉంది. డియెగో గార్సియా మినహా మిగిలిన దీవుల్లో పునరావాసం కల్పించే అధికారాన్ని ఒప్పందం మారిషస్ చేతికిచ్చింది. చర్చల బల్ల దగ్గర చాగోస్ ప్రజలకు చోటు దక్కలేదు. భూభాగం ఎవరిదన్న వివాదాన్ని రెండు ప్రభుత్వాలు తేల్చుకోవచ్చు. ఆ నేలమీది మనుషులు ఎవరన్నది వారిని అడగకుండా తేల్చితే, ఆ పని మరో తరం నెత్తిన పడుతుంది. హాంకాంగ్ విషయంలో అలా పడడానికి 24 ఏళ్లు పట్టింది.